కనిపెట్టమన్న మాట

జనవరి 1, బుధవారం

ఈ డైరీ కంపెనీవాళ్ళు ఎల్లేష్‌కు ఇచ్చింది. "నాకేం రాసుడున్నదమ్మా, నువ్వే ప్రార్థనలు రాసుకో" అని నా ఒళ్ళో పడేసి, క్యాబు తీసుకుని తుర్కపల్లి పోయాడు నా కొడుకు. అక్కడి ల్యాబుల్లో పనిచేసేవాళ్ళను ఎక్కించుకుని తిప్పడం వాడి పని. రాసుకుంటే గుబులు తగ్గుతుందని మా చర్చి భానుప్రకాశ్ అయ్యగారు కూడా అన్నారు. నా రాత నాకే సరిగ్గా అర్థం కాదు, ఇంకెవరు చదువుతారు.

నిన్న ఆరాధన అయ్యాక వాగ్దానాల బుట్ట తెచ్చారు. ఈ ఏడాది దేవుడు నాతో ఏమంటాడో ఆ బుట్టలోని వాక్యం కార్డు మీదే ఉంటుంది. చెయ్యి పెట్టి ఒకటి తీశాను. హబక్కూకు వాక్యం వచ్చింది. ఆ ప్రవక్త బైబిల్లో ఎక్కడున్నాడో వెతికేసరికి అన్నం చల్లారిపోయింది. చూస్తే రెండు మూడు ఆకులే. అది ఆలస్యమైనా వస్తుందట, తప్పదట. దాని కోసం కనిపెట్టమని ఉంది.

ఏం కనిపెట్టాలి తండ్రీ? నాది రెండో తరగతి చదువు.

తృప్తి కార్డు తీయలేదు. "మీకొచ్చిందే ఇద్దరికి సరిపోతది అత్తమ్మా" అంది. నవ్వుతూనే అంది. నా కోడలికి ఇప్పుడు ఐదో నెల. ముందటేడు వానాకాలంలో ఏడో నెల పిల్ల కడుపులోనే పోయింది. ఆడపిల్ల. ఇంతకన్నా ఆ సంగతి రాయను.

జనవరి 3

ఏడుపు వినిపించింది.

మధ్యాహ్నం బియ్యం చెరుగుతున్నాను. సన్నగా, పసిపిల్ల గొంతు. చేట ఆపాను, అదీ ఆగింది. మళ్ళీ చెరగబోతే మళ్ళీ. బయటినుంచి కాదు, గోడలోంచి వచ్చినట్టుంది. తృప్తిని పిలుద్దామంటే స్నానానికి పోయింది, నల్లా చప్పుడు వస్తోంది. యేసు రక్తమే జయం, యేసు రక్తమే జయం అనుకుంటూ చేట పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

ఆమె బయటికొచ్చాక అడిగాను. "ఏమన్న ఇనబడ్డదా బిడ్డా?"

"నల్లా సప్పుడుకు ఏమినబడ్తదత్తమ్మా."

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సబ్బు పడి ఉంటుంది.

జనవరి 4

పిల్లి కావచ్చు.

జనవరి 8

పిల్లి కాదు.

జనవరి 9

తృప్తి మెట్లు దిగితే భయం. ఆటో ఎక్కితే భయం, ఎక్కకుండా నడిచొస్తే ఇంకా భయం. ఆకలంటే భయం. ఆకలి లేదంటే ఆ పూటంతా నాకు ముద్ద దిగదు. ఎల్లేష్ ఔటర్ రింగు మీద బండి తోలుతాడు, ఆ భయం వేరే.

"మీ భయాలకు టోకెన్లు ఇయ్యాలె అత్తమ్మా. లైన్ల రాకపోతే తొక్కులాట అయితది" అంది తృప్తి. ఎల్లేష్ తింటున్నవాడు పొలమారేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే గోడ వైపు చూపు పోయింది.

ఆ పోయిన పిల్ల ఇక్కడే తిరుగుతోందా? పేరు లేదు, ప్రార్థన లేదు, పెట్టె లేదు. ఎల్లేష్, వాడి దోస్తు ఒకడు తీసుకుపోయి పాతిపెట్టి వచ్చారు. తృప్తి అప్పటికి దవాఖానలోనే ఉంది. చనిపోయినవాళ్ళు తిరగరని అయ్యగారు చెప్తారు. అయ్యగారు మా ఇంట్లో మధ్యాహ్నం పూట కూర్చోలేదు కదా.

జనవరి 19, ఆదివారం

దూలపల్లిలో రేకుల షెడ్డు కింద స్వస్థత సభ ఉందంటే పోయాను. మా చర్చిలో చెప్పలేదు. ఎక్కడినుంచో ప్రవక్త వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో మైకు. ఇసుక పోస్తే రాలనంత జనం. నన్ను వేలుపెట్టి చూపించి ముందుకు రమ్మన్నాడు. నెత్తిమీద చెయ్యి పెట్టాడు.

"తల్లీ, నీ ఇంట్ల దాసిపెట్టిన వస్తువు ఒకటున్నది. అది నీ ఇంటి గర్భాన్ని పట్టుకున్నది. దానికి రక్తం గావాలె."

కోడలి కడుపు సంగతి ఆయనకెలా తెలుసు? గేటు దగ్గర ఒక అమ్మాయి ప్రార్థన విన్నపాలు రాసుకుంటుంటే ఆ అమ్మాయికి చెప్పాను, అంతే. ఆయన అప్పటికే స్టేజీ మీద ఉన్నాడు. ఆయనకెలా చేరుతుంది.

బస్సులో వస్తుంటే వెలిగింది. కనిపెట్టుము. దేవుడు ముందే కార్డులో చెప్పాడు, ఏం కనిపెట్టాలో ఇవాళ చెప్పించాడు. రెండు మాటలూ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

జనవరి 20

అయ్యగారికి చెప్పను. ఆ సభకెందుకు పోయావంటారు.

జనవరి 24

బియ్యం డబ్బా. పరుపు కింద. అటక మీద పాత కూలర్ లోపల. మెట్ల కింద ఇటుకలు తీసి మళ్ళీ పేర్చాను. నడుము పట్టేసింది. కూలర్‌లో ఎల్లేష్ సిగరెట్ పెట్టె దొరికింది. దాచిన వస్తువే, కానీ ఇది కాదు. దాని సంగతి తర్వాత అడుగుతాను.

జనవరి 30

మళ్ళీ ఏడుపు. ఇవాళ చాలాసేపు. చివరికి గోడ మీద ఎవరో తట్టినట్టు చప్పుడైంది, వెంటనే ఆగిపోయింది. ఎవరు తట్టారు? తృప్తి స్నానం చేసి వచ్చేదాకా వాకిట్లో ఎండలో కూర్చున్నాను.

ఫిబ్రవరి 4

ఇంట్లో అన్నీ చూశాను. తృప్తి సూట్‌కేసు ఒక్కటే చూడలేదు.

ఆమె పుట్టిల్లు గండిమైసమ్మ. అక్కడి చౌరస్తా దాటి ఏ బండీ అమ్మవారికి దండం పెట్టకుండా పోదు. వాళ్ళమ్మ కామేశ్వరికి మొక్కు లేని నెల ఉండదు. ఎల్లేష్‌ను ఇష్టపడి చేసుకున్నాక తృప్తి మాతో చర్చికి వస్తుంది, చివరి వరసలో కూర్చుంటుంది. మంచి పిల్ల. మంచిదే. కానీ నేనూ ఒకప్పుడు పోచమ్మకు మొక్కినదాన్నే. మా ఆయన పోయినాక కదా ఈ మార్గంలోకి వచ్చింది. ముడుపు పసుపు గుడ్డలో కట్టి పెట్టె అడుగున పెడతారు. నాకు తెలియదా.

తృప్తి మీద అనుమానం కాదు. ఆమె మంచికే.

ఫిబ్రవరి 11, మంగళవారం

దొరికింది.

తృప్తి వాళ్ళమ్మతో మేడ్చల్ దవాఖానకు చూపించుకోవడానికి పోయింది. సూట్‌కేసు తీశాను. తాళం కూడా లేదు. చీరలన్నిటి అడుగున పసుపు గుడ్డ, గట్టి ముడి. పళ్ళతో విప్పాను. లోపల పట్టీ లాంటిది ఒకటి, వేలికి చుట్టుకునేంత. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు. తాయెత్తు యంత్రాల మీద అంకెలే వేస్తారు. గుడ్డకు ఒక మూల గోధుమరంగు మరక. రక్తం గావాలె అన్నాడు ప్రవక్త.

పెరట్లో పాత డబ్బాలో వేసి కాల్చాను. ప్లాస్టిక్కు కాలిన కంపు కొట్టింది. అది ఆ పీడ కంపే అనుకున్నాను. కాలినంతసేపూ పాట పాడాను. బూడిద మోరీలో పోసి నీళ్ళు కొట్టాను.

కనిపెట్టాను తండ్రీ. నీ దాసురాలు కనిపెట్టింది.

ఫిబ్రవరి 12

ఇల్లు తేలికైంది. చాలా రోజులకు కడుపునిండా తిన్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

రాయకపోతే ఊపిరాడదు.

పొద్దున తృప్తి వదులు జాకెట్ల కోసం సూట్‌కేసు తీసింది. చాలాసేపు అన్నీ బయటికి తీస్తూనే ఉంది. "అత్తమ్మా, దీంట్ల పసుప్పచ్చ గుడ్డ ఉండాలె, సూసిన్రా?"

నేను సంతోషంగానే చెప్పాను. "కాలబెట్టిన బిడ్డా. ఇగ నీకేం భయం లేదు. ప్రవక్త ముందే చెప్పిండు."

తృప్తి కింద కూలబడింది. పొట్ట పట్టుకుని కూలబడింది. నేను పరుగెత్తితే చేత్తో వద్దంది.

"అది దాని చేతిది" అంది.

"ఎవరి చేతిది?"

"దాని చేతిది అత్తమ్మా. పుట్టినంక దవాఖానల కట్టిన పట్టీ. బేబీ ఆఫ్ తృప్తి అని రాసుంటది. నాకు దాని మొకం సూపియ్యలే. గదొక్కటే ఇచ్చిన్రు. ఆ గుడ్డ దాని కోసం నేనే కొన్నది. దాంట్లెనే సుట్టిన్రు, ఒక ముక్క నర్సుతోని కత్తిరించి తెప్పించుకున్న."

ఎల్లేష్ వచ్చాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "గట్లెట్ల జేసినవమ్మా" అని గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడైనా నేను తప్పైందని అనలేదు. బైబిల్లోంచి కార్డు తెచ్చి వాడికి చూపించాను. ఇగో చూడు, కనిపెట్టుము అని లేదా, నేను చదివింది అబద్ధమా అని అడిగాను. వాడు కార్డు వైపు చూడలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

తృప్తి పుట్టింటికి పోయింది. నాతో చెప్పే పోయింది. "పోయొస్త" అనలేదు, "పోతున్న" అంది.

ఫిబ్రవరి 22

ఒక సంగతి. ఆమె పోయినప్పటినుంచి ఏడుపు లేదు. ఒక్కసారి కూడా లేదు.

అంటే ప్రవక్త చెప్పింది నిజమే. ఏదో ఉండింది, పోయింది. పట్టీ సంగతి వేరు కావచ్చు. దాని వెనక ఇంకేదో ఉండి ఉంటుంది. తృప్తికి కూడా తెలియకుండా ఉండి ఉంటుంది. దేవా, నేను తప్పు చేయలేదని ఒక్క గుర్తు ఇయ్యి.

ఫిబ్రవరి 25

ఎల్లేష్ పళ్ళెం తీసుకుపోయి కారులో కూర్చుని తింటున్నాడు.

మార్చి 4, మంగళవారం

గోడ పక్కింటి ఇమాంబీ వచ్చింది. రోజాలో ఉంది. నోట్లో నీటిచుక్క పడకపోయినా నోరు మాత్రం ఆగదు.

"ఏందక్కా, ఇల్లు గింత సల్లగున్నది?"

"ఏడుపు బందైంది ఇమాంబీ. దేవుడు మా ఇల్లు కడిగిండు."

"ఏం ఏడుపు?"

అంతా చెప్పాను. పసిపిల్ల గొంతు, గోడ, తట్టిన చప్పుడు, ప్రవక్త, పసుపు గుడ్డ. ఎవరికీ చెప్పనిది ఈమెకెందుకు చెప్పానో. వింటూ వింటూ ఇమాంబీ మెట్టు మీదినుంచి లేచి నిలబడింది.

"యా అల్లా. అక్కా, గోడ తట్టింది నేనే."

నాకు అర్థం కాలేదు.

"మీ బాత్రూముకు మా వంటింటికి ఒక్కటే గోడ గదా. నీ కోడలు నల్లా ఇడిసి ఏడుస్తుండె. నల్లా సప్పుడు నీకు, ఏడుపు నాకు. ఊకో బిడ్డా అని ఎన్నిసార్లు తట్టిన్నో. తడితే ఆపుతుండె పాపం."

"కాదు. పసిపిల్ల గొంతు అది. నేనిన్న."

"నోట్లె కొంగు కుక్కుకొని ఏడువు, నీ గొంతు గూడ గట్లనే వస్తది. ఏడ్చేటామె పోయె, ఏడుపు పోయె. మస్తు కడిగిండులే నీ దేవుడు."

ఆమెకే జాలేసినట్టుంది, మళ్ళీ కూర్చుంది. "ఒక కాన్పు పోయినామె. మల్ల కడుపుతోని ఉన్నామె. అసొంటిదాన్ని జర కనిపెట్టుకొని ఉండాల్నా, ఆమె పెట్టె తెరిసి సూడాల్నా, నువ్వే చెప్పు."

"ఏమన్నవ్?"

"ఏమన్న? జర కనిపెట్టుకొని ఉండాలె అన్న. తెలుగే గదా మాట్లాడిన?"

మార్చి 5

ప్రార్థన రావడం లేదు. మోకాళ్ళ మీద ఉంటాను, అంతే. మధ్యాహ్నం బాత్రూంలోకి పోయి నల్లా విడిచి నిలబడ్డాను. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినిపించలేదు.

నా పక్క గదిలో ఒక తల్లి ఏడిస్తే దయ్యం అనుకున్నాను. సబ్బు అనుకున్నాను.

మార్చి 6, గురువారం

అయ్యగారి దగ్గరికి పోయాను. దూలపల్లి సంగతితో సహా చెప్పాను. తిట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

"కనిపెట్టుడంటే దొంగను పట్టుకునుడు కాదమ్మా" అన్నారు. "బైబిల్ల అది పాత తెలుగు. ఎదురుసూసుడు. మనిషి వస్తడని తలుపు దిక్కు సూసుకుంట కూసుంటమే, గది. హబక్కూకు గూడ గోపురం ఎక్కి కనిపెట్టుకొనే ఉన్నడు. పైన గదే పేజీల ఉంటది సూడు."

"మరి నేను పాటలల్ల ఇన్నేండ్ల సంది పాడుతున్న గదయ్యా ఆ మాట."

"పాడుతున్నం. మనల ఎంతమందికి తెలుసు దానర్థం."

"హబక్కూకుకు ఏం దొరికిందయ్యా మరి, అంత సేపు కూసుంటే?"

"ఏం దొరకలే. చెట్లు కాయలే, చేను పండలే, కొట్టంల గొడ్డు లేదు. అన్ని పోయినా నేను దేవునియందు సంతోషిస్త అని రాసిండు."

"ఎట్ల?"

అయ్యగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "నా పెద్దోడు పోయినప్పటిసంది నేను గూడ అదే అడుగుతున్నమ్మా" అన్నారు. ఆయనకు ఒక కొడుకు పోయాడని ఈ చర్చిలో ఇన్నేళ్ళుండి నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

వచ్చేటప్పుడు నా బైబిల్లో యిర్మీయా దగ్గర అగ్గిపుల్ల పెట్టి ఇచ్చారు. "ఇది సదువు. తొందరపడకు. నీకు సదువు రాదని బాధపడకు, మెల్లగ సదివేటోల్లకే ఇది సమజైతది."

దూలపల్లి ఆయన మాట వినగానే నేను ఇటుకలు పీకాను. ఈయన మాట విన్నాక ఇంటికొచ్చి ఊరికే కూర్చున్నాను. భయం అలాగే ఉంది. కానీ పక్కన ఎవరో ఉన్నట్టుంది.

మార్చి 9, ఆదివారం

మేడ్చల్ దాకా బస్సు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. అక్కడినుంచి ఆటోలో గండిమైసమ్మ. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను, చౌరస్తా రాగానే అన్నీ మరిచిపోయాను.

వియ్యపురాలు కామేశ్వరి గుమ్మంలోనే ఆపింది. "మల్ల ఏం కాలబెట్టనీకొచ్చినవ్ వదినె? మా ఇంట్ల అగ్గిపెట్టెలు దాసిపెట్టుకోవాల్నా?"

"తృప్తిని ఒకసారి సూసి పోత."

"అది నీ మొకం సూడనంటున్నది."

"తప్పు నాదే వదినె. ఆమెకు చెప్పు."

"నువ్వు మా మైసమ్మను తప్పువడ్తివి. మా అమ్మవారు ఏం జేసింది నీకు? పసుపు కనబడితె సాలు, దయ్యమేనా?"

అరుగు మీద కూర్చున్నాను. తిడుతూనే లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. "తాగు. ఎండకు పడి సస్తే మల్ల నాకే పేరు." నీళ్ళు చల్లగా ఉన్నాయి. పొద్దు వాలేదాకా కూర్చుని వచ్చాను. తృప్తి రాలేదు. కిటికీ తెర ఒకసారి కదిలింది. గాలి లేదు.

మార్చి 11

పోయాను. కూర్చున్నాను. వచ్చాను.

మార్చి 13, గురువారం

ఇవాళ తృప్తి గుమ్మం దగ్గరికి కుర్చీ తెచ్చుకుని కూర్చుంది. చిక్కిపోయింది, పొట్ట మాత్రం పెరిగింది. ఏడో నెల. ఆ నెల పేరు తలుచుకుంటేనే నాకు భయం. ఆమెకెలా ఉందో.

"ఎందుకొస్తున్నరు దినాం?"

"ఊకెనే. కూసుందామని."

"మాఫీ చెయ్యమని అడగనీకా?"

"అడుగుత. నువ్వు చెయ్యకున్న గూడ కూసుంట."

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. కామేశ్వరి లోపల గిన్నెలు గట్టిగా పెడుతోంది, వింటున్నానని మాకు తెలియడానికి.

"అత్తమ్మా, అది ఏడున్నది? నా పిల్ల?"

ఇంతకు ముందు అడిగినప్పుడల్లా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. దేవుని దగ్గరుంది, ఏడవొద్దు. దవాఖాన మంచం మీదే అలా చెప్పాను. చెప్పి, ముఖం తుడిచి, పాలు తాగించాను. ఆమె ఆ రోజునుంచి నా ముందు ఏడవలేదు. నా ప్రార్థన ఫలించిందని సాక్ష్యం కూడా చెప్పాను చర్చిలో.

ఇవాళ ఆ జవాబు చెప్పలేదు. సంచిలోంచి బైబిల్ తీసి, అగ్గిపుల్ల ఉన్నచోట తెరిచాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. కొన్నిచోట్ల తృప్తే మాట అందించింది. రాహేలు అనే తల్లి. రామా అనే ఊరు. పిల్లలు లేరని ఏడుస్తోంది. ఎవరు ఓదార్చబోయినా వద్దంటోంది.

"ఆమెను బాత్రూంల ఏడువమన్నరా?" అంది తృప్తి.

"లేదు బిడ్డా. ఊరంత ఇనబడేటట్టు ఏడ్చింది. దేవునికి గూడ ఇనబడ్డది, ఆయననే ప్రవక్తకు చెప్పిండు, గొంతు ఇనబడ్తున్నదని."

"తర్వాత ఏమన్నడు? ఏడవకు అన్నడా?"

అబద్ధం చెప్పలేను, అక్కడ రాసి ఉంది. "అన్నడు. గాని ముందుగాల ఇన్నడు, తర్వాత అన్నడు. నేను ఇనకుంటనే అన్న."

తృప్తి నా వైపు చూసింది. నేను గండిమైసమ్మకు వస్తున్నప్పటినుంచి ఆమె నా కళ్ళలోకి చూడటం అదే మొదటిసారి.

"ఇంకేమున్నది?"

"తిరిగొస్తరు అని ఉన్నది. పిల్లలు. శత్రువు దేశంకెల్లి తిరిగొస్తరు, వచ్చే కాలానికి నమ్మకమున్నది అని."

"ఎప్పుడట?"

"గది రాయలే."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. తృప్తి ఏడవడం మొదలుపెట్టింది. కొంగు నోటికి తీసుకోబోయి వదిలేసింది. పెద్ద గొంతే. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఊరుకో అనాలని నాలుక మీదికి ఎన్నిసార్లు వచ్చిందో. అనలేదు.

నేను పోయేటప్పుడు అంది, "దాన్ని పెట్టిన జాగ నాకు సూపియ్యమని చెప్పున్రి ఆయనకు. నన్నెవరు తీస్కపోలే."

మార్చి 14

ఎల్లేష్‌కు చెప్పాను. అలాగే అనలేదు, వద్దనలేదు. కానీ రాత్రి అన్నం ఇంట్లో తిన్నాడు.

మార్చి 19

ఆదివారం పోదామన్నాడు. ఏడో నెలలో అక్కడికి తీసుకుపోవచ్చా, గాలి సోకుతుందేమో, గతుకుల రోడ్డేమో. ఎవరికీ చెప్పలేదు. భయం నాకే ఉండనీ.

మార్చి 23, ఆదివారం

గండిమైసమ్మ పోయి తృప్తిని ఎక్కించుకున్నాం. కామేశ్వరి దిండు తెచ్చి కూతురి నడుము వెనక పెట్టింది. నాకు కూడా ఒకటి ఇచ్చింది, ఏమీ అనకుండా.

కారులో తృప్తి పేరు చెప్పింది. పిల్ల పేరు. ఎప్పటినుంచో లోపల్లోపల ఆ పేరుతోనే పిలుచుకుంటోందట. ఎల్లేష్ బండి పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అది తృప్తిది.

"కాన్పు మా అమ్మ దగ్గరనే" అంది తర్వాత. "మీరొచ్చి కూసోన్రి అత్తమ్మా. దయ్యాలు గియ్యాలు అనకుంట."

"అనను బిడ్డా."

శామీర్‌పేట దాటి తుర్కపల్లి రోడ్డు నుంచి లోపలికి తిప్పాడు. తిప్పి ఆపేశాడు. అప్పుడు అక్కడ బీడు భూమి, వేపచెట్టు, రెండు బండలు ఉండేవట. ఇప్పుడు పెద్ద కమాను, రంగు జెండాలు, నల్లటి కొత్త రోడ్లు. ఎటు చూసినా తెల్ల రాళ్ళు, రాళ్ళ మీద నంబర్లు. నేలంతా చదును చేశారు.

ఎల్లేష్ దిగి అటు పోయాడు, ఇటు వచ్చాడు. "ఈడ ఉండె చెట్టు... కాదు, గా కడీ రాళ్ళ అవతల..." కాలితో మట్టి గీసి చూస్తున్నాడు. "అమ్మా, కనబడ్తలేదే. నేనే పెట్టిన, నా చేతులతోని పెట్టిన, నాకే కనబడ్తలేదు." నలభైకి దగ్గర పడుతున్న మనిషి చిన్నపిల్లాడిలా నా వైపు చూశాడు.

రోడ్డు కిందే ఉందేమో, జేసీబీ ఎటు తోసిందో అని నూరు రకాలుగా తోచింది. నా బుద్ధి అంతే. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"దేవులాడకు ఎల్లేషూ. లేపేటాయనకు చెట్టు గుర్తు అక్కర్లేదు. తిరిగొస్తరని చెప్పినాయనకు ఏడికెల్లి తేవాల్నో తెల్వదా."

నేను నమ్మే చెప్పానా? చెప్పాక నమ్మాను. అలా కూడా జరుగుతుందేమో.

వాచ్‌మన్ వచ్చాడు, తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన. "ప్లాటు సూడనీకొచ్చిన్రా? ఆఫీసాయన బువ్వకు పోయిండు, జర కూసోన్రి."

"మా బిడ్డ ఉన్నది ఈడ" అంది తృప్తి.

"అట్లనా. మంచి జాగ తీసుకున్నది. ఏ నంబరు ప్లాటమ్మా?"

ఎల్లేష్ ముఖం తిప్పుకున్నాడు. నేనే చెప్పాను.

"నంబరు లేదు నాయినా. పేరున్నది. మీరు రాళ్ళు పాతకముందు సంది ఉన్నది."

తృప్తి ఆ పేరు పైకి పలికింది. ఖాళీ ప్లాట్ల మీద దూరం దాకా పోయింది ఆ పేరు.

ముసలాయన మా ముగ్గురినీ చూశాడు, తృప్తి పొట్ట చూశాడు, ఎల్లేష్ గీసిన మట్టి చూశాడు. తల తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. గదిలోకి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, రోడ్డు మధ్యలో వేసి, చేత్తో దుమ్ము దులిపాడు. తృప్తి కూర్చుంది. నేను బైబిల్ తెరిచి రాహేలు దగ్గర మొదలుపెట్టాను. తప్పులు పోతున్నా ఆపలేదు.

కమాను దగ్గర తెల్ల కారు వచ్చి హారన్ కొట్టింది. ప్లాట్లు చూసేవాళ్ళు. మళ్ళీ కొట్టారు. ముసలాయన గేటుకు అడ్డంగా నిలబడటం కనిపించింది. ఆయన గొంతు మా దాకా వచ్చింది.

"జర ఆగున్రి సార్. లోపల ఇంటోల్లు ఉన్నరు."